తెగిన తీగకే సర్టిఫికెట్

మా ప్రభుత్వ సంగీత కళాశాల వార్షికోత్సవంలో షామియానా తాడు తెగి, పందిరి మొత్తం ముఖ్య అతిథిగారి మీద పడిన మాట వాస్తవమే. ఆయనకు దెబ్బలేం తగల్లేదు. గుడ్డ కింద నుంచే ఉపన్యాసం పూర్తిచేశారు. ఎవరు మాట్లాడుతున్నారో కనిపించకపోవడం వల్లనో ఏమో, చప్పట్లు కూడా ఎప్పటికన్నా ఎక్కువే పడ్డాయి. అయినా పైవాళ్లు ఊరుకోలేదు. నెల తిరక్కుండానే సర్క్యులర్ పంపారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, లాగుడు భారం వహించు తాళ్లు, తీగలు వగైరా సమస్త వస్తువులును తెగు పర్యంతము పరీక్షింపబడి, ఉత్తీర్ణత పొందినవి మాత్రమే వినియోగింపబడవలెను."

రాసినవారు తాళ్లను మనసులో పెట్టుకునే రాశారు. తాడు చుట్టగా వస్తుంది. అందులో మూరెడు కోసి, అది ఎంత బరువుకు తెగుతుందో చూసుకుని, మిగతా చుట్ట వాడుకోవచ్చు. అయితే మూరెడు కోయమనే ముక్క రాయడం మరిచిపోయారు. సర్కారు రాయని మాటను మనం ఊహించుకోవడం క్రమశిక్షణారాహిత్యం అవుతుంది. నేను ఊహించుకోలేదు.

నా పేరు వల్లభం. ఆ కళాశాలలో మృదంగం మేష్టారిని. సర్క్యులర్ వచ్చిన సాయంత్రమే నా మృదంగాన్ని దుప్పటిలో చుట్టి ఆటోలో ఇంటికి తరలించేశాను. దాని చుట్టూ తోలు వార్లు బిగించి ఉంటాయనీ, వాటి మీద కూడా లాగుడు భారం ఉంటుందనీ ఎవరికైనా తట్టిందంటే నా బతుకు బస్టాండే. మర్నాటి నుంచి పిల్లలకు బల్ల మీద దరువు నేర్పాను. వీణ తీగ చుట్టలుగా దొరుకుతుంది కాబట్టి, అందులో ఒక ముక్క కోసి పంపి వీణ శాఖ గట్టెక్కింది. వయొలిన్ మేష్టారు గాలి ఎటు వీస్తోందో కనిపెట్టి లాంగ్ లీవు పెట్టారు. చిక్కల్లా గిటారుతో వచ్చింది.

గిటారు తీగ చుట్టగా రాదు. కొలతకు కోసి, ఒక చివర చిన్న పూస బిగించి, ఆరు మందాల్లో ఆరు తీగలు ఒక ప్యాకెట్టుగా అమ్ముతారు. అందులోంచి జానెడు కోస్తే మిగిలింది గిటారు మీదికి చాలదు. ఈ సంగతి నాకు చెప్పింది సలోమి గారు.

సలోమి గారు మా గిటారు టీచరు. వాళ్ల నాన్నగారు చర్చిలో క్వయరు నడిపేవారట, ఆయన దగ్గరే నేర్చుకున్నారు. మనిషి సన్నగా, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉంటారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. ఏడాదికోసారి ఆ కాంట్రాక్టు పొడిగించే వేళకు ఆవిడకు ప్రాణం నోట్లోకి వచ్చేది. ఈసారి మాత్రం గిటారు పిల్లల ప్రాక్టికల్ పరీక్ష సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని మా ప్రిన్సిపాల్ త్రిపురాంతకం గారు అందరి ముందూ మాటిచ్చారు. పరీక్ష కళాశాల గిటారు మీదే జరగాలి. ఆ గిటారు తీగలు చిలుం పట్టి, ముట్టుకుంటే పిల్లల వేళ్లు పచ్చబడుతున్నాయి. కొత్త తీగలు కావాలని ఆవిడ అర్జీ పెట్టుకున్నారు.

"తీగలు అనేస్తే సరిపోదు మేడమ్," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఏ తీగలు? ఆ తీగలే ఎందుకు? వేరే తీగలు ఎందుకు కాకూడదు? దీన్ని సమగ్రంగా, శాస్త్రీయంగా, పారదర్శకంగా పరిశీలించాల్సి ఉంటుంది."

వెంటనే తంత్రీ ఎంపిక మరియు పటుత్వ నిర్ధారణ సంఘం ఏర్పడింది. ప్రిన్సిపాల్ గారు అధ్యక్షులు, నేను కన్వీనరు. నన్నెందుకు వేశారని అడిగితే, నాకు తీగలతో ఏ సంబంధమూ లేదు కనుక నిష్పాక్షికంగా ఉంటానన్నారు.

మొదటి సమావేశంలో సలోమి గారు చక్కగా వివరించారు. "సన్నవి చాలండి. పిల్లల వేళ్లింకా లేతగా ఉంటాయి కదండీ, లావు తీగలైతే నొక్కలేక ఏడుస్తారు. పైగా మన గిటారు పాతది, లావువి బిగిస్తే మెడ వంగిపోద్దండి. కంచు చుట్టిన వాటిల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మొదట్లో గలగలమని మోగి తొందరగా చప్పబడిపోద్ది. రెండోది కాస్త మెత్తగా పలుకుద్ది గానీ చాన్నాళ్లు ఉంటదండి. మనకి రెండోదే మంచిది."

ప్రిన్సిపాల్ గారు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మెత్తగా, గలగల అన్నవి కొలమానాలు కావు మేడమ్. కిలోల్లో చెప్పండి."

కిలోల్లో చెప్పగలిగినవారు మా ఊళ్లో ఒక్కరే ఉన్నారు. పాలిటెక్నిక్ లో ఇనపకడ్డీలు లాగి చూసే మిషనుకు అధిపతి భీమేశ్వరరావు గారు. కడ్డీలు పంపేవాళ్లు లేక ఆయన మిషను మీద వడియాలు ఆరబెట్టుకుంటున్న రోజులవి. మేం సలోమి గారు చెప్పిన రకం తీగల ప్యాకెట్టు కొని పట్టుకుని వెళ్లేసరికి ఆయన మొహం పెళ్లిచూపులకు వచ్చినంత కళగా వెలిగింది. వడియాలు తీసి పక్కన పెట్టారు.

"ఊరికే బిగించి చూసి ఇచ్చేస్తారు కదండీ?" అని సలోమి గారు అనుమానంగా అడిగారు.

"మీరలా నిలబడి చూడండి మేడమ్ గారూ. మన మిషను లాగితే ఎలాటిదైనా ఒప్పేసుకోవాల్సిందే," అన్నారాయన.

ఒకదాని తరవాత ఒకటిగా ఆరు తీగలూ ఒప్పేసుకున్నాయి. సన్న తీగ తెగేముందు కీచుమంది. లావు తీగ తెగినప్పుడు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. సలోమి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. భీమేశ్వరరావు గారు చెమట తుడుచుకుని, ముక్కలన్నీ ఏరి కవర్లో వేసి, లక్క సీలు కొట్టి, నా చేతిలో పెట్టారు. "కంగ్రాచులేషన్సండి. ఆరూ ఫస్టు క్లాసులో పాసయ్యాయి."

రెండో సమావేశంలో ప్రిన్సిపాల్ గారు ఆ కవరును రెండు చేతులా అందుకుని సలోమి గారికి బహూకరించారు. నేను చప్పట్లు కొట్టాను.

"ఇక బిగించండి మేడమ్."

"ఏంటి బిగించేదండి? ఇవి ముక్కలు కదండీ!"

"ముక్కలు అనకూడదు. ఉత్తీర్ణత పొందిన తీగలు."

"ఉత్తీర్ణతేమో గానీ సార్, ఒక్కోటి రెండేసి అయ్యాయండి."

"ఆ విషయమై సర్క్యులర్ ఎక్కడా అభ్యంతరం వ్యక్తపరచలేదు."

సలోమి గారు కాసేపు తల పట్టుకున్నారు. తరవాత మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "పోనీ అదే కంపెనీ, అదే రకం ఇంకో ప్యాకెట్టు తెప్పిద్దామండి. అది ఎంత గట్టిదో ఈ ప్యాకెట్టుతో తేలిపోయింది కదండీ."

ప్రిన్సిపాల్ గారు జాలిగా నవ్వారు. "మీ అన్నగారు డిగ్రీ పాసైతే మీరు పాసైనట్టేనా మేడమ్?"

రెండో ప్యాకెట్టు వచ్చింది, పరీక్షకు వెళ్లింది, పాసైంది. మూడోదీ పాసైంది. మా ఊళ్లో గిటారు తీగలమ్మే కొట్టు ఒక్కటే ఉంది. కుర్రకారుకు ఉన్నట్టుండి సంగీతం పిచ్చి పట్టిందనుకుని ఆ కొట్టతను పక్క గది కూడా అద్దెకు తీసుకున్నాడు.

నాలుగో ప్యాకెట్టు దగ్గర మాత్రం ఒక అపశ్రుతి దొర్లింది. మిషను పట్టు జారి, ఒక తీగ తెగకుండా కింద పడింది. సలోమి గారు గబుక్కున వంగి దాన్ని తీసుకుని గుండెలకు హత్తుకున్నంత పని చేశారు. "ఇది బాగుందండి! ఒక్కటైనా దక్కింది. దీన్ని బిగించేస్తానండి."

భీమేశ్వరరావు గారు అంత మంచి మనిషీ మొహం మాడ్చుకున్నారు. "అది ఫెయిలండి."

"చెక్కుచెదరకుండా ఉంది కదండీ!"

"అదే కదా మేడమ్ గారూ దాని జబ్బు. ఎంత మోస్తదో మాకేం తెలిసింది? తెలీనిదాన్ని పట్టుకెళ్లి పసిపిల్లల చేతిలో పెట్టేస్తారా?"

కన్వీనరు హోదాలో నేనే ఆ తీగను స్వాధీనం చేసుకున్నాను. అనుత్తీర్ణ వస్తువులను తక్షణం ధ్వంసం చెయ్యాలని నిబంధన. కత్తెరతో కత్తిరించాను. ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. కానీ నాకు ఇంట్లో మృదంగం ఉంది.

పరీక్ష దగ్గరపడుతోంది. ఒకరోజు పొద్దున గిటారు క్లాసు లోంచి పాట వినిపించింది. సలోమి గారు సొంత డబ్బుతో తీగలు కొనుక్కొచ్చి, ఎవరికీ చెప్పకుండా బిగించేశారు. పిల్లలు కిచకిచలాడుతూ వంతులు వేసుకుని వాయిస్తున్నారు. నేను వరండాలో నిలబడి విన్నాను. ఆవిడ చెప్పిన మెత్తదనం ఏమిటో అప్పుడు తెలిసింది. చెవిలో వెచ్చటి నూనె చుక్క వేసినట్టుంది. భోజనాల వేళకు మెమో వచ్చేసింది. ప్రభుత్వ గిటారుపై ప్రైవేటు తీగలు బిగించడం అక్రమ ఆక్రమణ కిందికి వస్తుందనీ, ఎందుకు తొలగించరాదో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. సంజాయిషీ ఇచ్చేలోపే తొలగించేశారు కాబట్టి ఆవిడకు రాసే శ్రమ తప్పింది.

ఈలోగా ప్రిన్సిపాల్ గారికి శాస్త్రం మీద మోజు పెరిగింది. తక్కువ కిలోలకు తెగే తీగ ఎందుకు కొనాలి, ఎక్కువ కిలోలకు తెగేది ఏదో కనిపెట్టి దాన్నే కొందాం అన్నారు. దాంతో లావు తీగలు, మరీ లావు తీగలు, ఇనప తీగలు, బట్టలారేసే తీగలు అన్నీ మిషనెక్కాయి. చివరకు భీమేశ్వరరావు గారు ఆవేశం ఆపుకోలేక తన మోపెడ్ క్లచ్ వైరు పీకి తెచ్చి బిగించారు. అది తెగిన అదురుకు ల్యాబు కిటికీ అద్దం పగిలింది. అందరం లేచి నిలబడ్డాం. ఆ రోజు నుంచి ఆయన బండిని ఇంటిదాకా నెట్టుకుంటూ వెళ్లేవారు, మొహంలో మాత్రం కొడుక్కి ర్యాంకు వచ్చినంత గర్వం.

సంఘం ఏకగ్రీవంగా క్లచ్ వైరును సిఫార్సు చేసింది.

"అది బండిదండి బాబూ!" అన్నారు సలోమి గారు. అప్పటికి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"కంచు తీగ కన్నా ఎన్నో రెట్లు మోసిందా లేదా?"

"మొయ్యడం కాదండి, పలకాలి!"

"పలకడం ఈ సంఘం పరిధిలోకి రాదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను ఆ వాక్యాన్ని మినిట్స్‌లో ఎర్ర సిరాతో రాశాను.

అయితే క్లచ్ వైరు అంత గట్టిగా లాగితే ఆ భారమంతా ఎవరు మొయ్యాలి? గిటారే మొయ్యాలి. అంటే గిటారు కూడా లాగుడు భారం వహించు వస్తువే. ఈ సూక్ష్మం కనిపెట్టింది ప్రిన్సిపాల్ గారే. కనిపెట్టిన రోజు మాకందరికీ మైసూర్ బజ్జీలు తెప్పించారు.

గిటారును తీసుకెళ్లడానికి అటెండరు వచ్చినప్పుడు సలోమి గారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "దీన్నొదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను," అన్నారు. పిల్లలు ఆవిడ చుట్టూ మూగి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు ఎంతో ఓపిగ్గా, ఇది గిటారు భద్రత కోసమేనని నచ్చజెప్పారు. భీమేశ్వరరావు గారి మిషనులో గిటారు మెడ ఊడి రావడానికి పెద్దగా సమయం పట్టలేదు. డిస్టింక్షన్‌లో పాసైంది. మెడను, మొండేన్ని అద్దాల బీరువాలో పెట్టి, పక్కనే సర్టిఫికెట్ తగిలించారు. మా కళాశాలలో డిస్టింక్షన్ వచ్చిన మొదటి సభ్యురాలు అదే.

ప్రాక్టికల్ పరీక్షకు బయటినుంచి ఎగ్జామినరు గారు వచ్చారు. పిల్లలు తలకు నూనె రాసుకుని, తెల్లబట్టలు వేసుకుని వరసగా నిలబడ్డారు. ఆయన బీరువా చూశారు. సర్టిఫికెట్ రెండుసార్లు చదివారు. "వాయిద్యం అర్హత సాధించినది. వాయిద్యం అందుబాటులోకి వచ్చిన పిదప విద్యార్థుల అర్హత పరిశీలింపబడును" అని రాసి, కాఫీ తాగి, బస్సు టైమైందని వెళ్లిపోయారు. ఒక పిల్ల ఏడ్చింది. సలోమి గారు ఆ పిల్ల కళ్లు తన చీర కొంగుతో తుడిచి, నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. కన్వీనరును కాబట్టి నేనూ వెళ్లాను.

"నా పర్మనెంటు సంగతి ఏం చేశారండి?"

ప్రిన్సిపాల్ గారు ఫైలు ముందుకు జరిపారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. సలోమి గారు గిటారొక్కటే చెప్పేవారు కాదు. లైబ్రేరియన్ రిటైరైతే ఆ తాళాలు ఆవిడకిచ్చారు. హాస్టల్ వార్డెన్ మానేస్తే కూరగాయల బజారు పని కూడా ఆవిడదే అయింది. ఎలక్షన్ డ్యూటీ, జనాభా లెక్కలు, అతిథులకు బొకేలు, అన్నీ ఆవిడ నెత్తినే. ఏటా ఒకటి కలిపేవారు. ఆవిడ ఏటా మోసేవారు.

"మీ సేవల పట్ల యాజమాన్యానికి అపారమైన గౌరవం ఉంది మేడమ్," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే అంటున్నారు. "భారం క్రమంగా పెంచుకుంటూ వచ్చాం. మీరు నిలబడ్డారు. కానీ ఇంతవరకూ మీరు తెగలేదు. తెగని కారణంగా మీ సామర్థ్యం ఎంతో నిర్ధారణ కాలేదు. నిర్ధారణ కాని వారిని పర్మనెంటు ఎలా చెయ్యను, మీరే చెప్పండి?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ఏడుపే వచ్చింది. కన్వీనరుకు ఏడ్చే అధికారం ఉందో లేదో తెలియక ఊరుకున్నాను.

సలోమి గారు సంచీలోంచి లైబ్రరీ తాళాలు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత స్టోరు తాళాలు, తరవాత హాస్టలువి. ఆ చిన్న సంచీలో అన్ని తాళాలు ఎలా పట్టాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే. "వెళ్లొస్తానండి," అన్నారు మా ఇద్దరికీ కలిపి. గుమ్మం దాటాక వెనక్కి చూడలేదు.

తలుపు మూసుకోగానే ప్రిన్సిపాల్ గారు ఉప్పొంగిపోయారు. "తెగింది! వల్లభం గారూ, చూశారా, తెగింది! ఎన్ని బాధ్యతల దగ్గర తెగిందో వెంటనే నోట్ చేసుకోండి." మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు తయారైంది. శ్రీమతి సలోమి గారు పరీక్షలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణులైనందున వారి ఉద్యోగము ఇందుమూలముగా పర్మనెంటు చేయడమైనది. దాన్ని అందజేసి, ప్రస్తుతం వారి పరిస్థితి ఎలా ఉన్నదో స్వయంగా చూసి నివేదిక ఇమ్మని నన్ను పంపారు. తెగిన వస్తువును కన్వీనరు ధ్రువీకరించాలట.

ఉత్తర్వు జేబులో పెట్టుకుని దాదాపు పరిగెత్తాను. ఆవిడకు ఉద్యోగం వచ్చిందన్న సంతోషం తప్ప నా బుర్రలో ఇంకేం లేదు. వాళ్లుండే వీధి చివర చర్చి వరండాలో ఉన్నారు. మా కళాశాల గిటారు పిల్లలంతా అక్కడే చాపల మీద కూర్చున్నారు. ఆవిడ ఒళ్లో వాళ్ల నాన్నగారి పాత గిటారు ఉంది. దానికి సన్న తీగలు బిగిస్తున్నారు. కీ కొంచెం తిప్పడం, చెవి దగ్గర పెట్టుకుని మీటడం, చాలనిపించగానే ఆపెయ్యడం. ఆ ఆపడం దగ్గర ఆవిడ మొహంలో ఎంత శ్రద్ధ ఉందో చెప్పలేను. పొద్దున ఏడ్చిన పిల్లకు గిటారు అందించారు. ఆ పిల్ల తప్పుగా నొక్కింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వారు.

"కూర్చోండి మేష్టారూ, మజ్జిగ తాగుతారా?"

ఉత్తర్వు ఇచ్చాను. చదివారు. మళ్లీ చదివారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు మొదలుపెట్టారు, ఆగలేదు. కళ్లెంట నీళ్లు వచ్చేదాకా నవ్వి, కాగితం నా చేతిలో పెట్టేశారు.

"నేను పాసవ్వలేదని చెప్పండి మీ సార్‌తో. నాకేం అవ్వలేదండి. వచ్చేసానంతే."

"ఒక్క సంతకం పెట్టెయ్యండి సలోమి గారూ. ఎన్నాళ్లు ఎదురుచూశారు దీనికోసం!"

"ఎదురుచూసానండి," అన్నారు. నవ్వు ఆపి, కాసేపు ఆ కాగితం వైపే చూశారు. ఆశ పడ్డ మనిషి మొహమే అది. "కానీ ఉన్నట్టు రాయండి మేష్టారూ. ఉన్నదున్నట్టు."

మజ్జిగ తాగి, ఆ పిల్ల సరిగ్గా నొక్కేదాకా కూర్చుని, తిరిగొచ్చాను. నా నివేదికలో మొదటిసారి ఎవరి పరిధీ చూసుకోకుండా రాశాను. సదరు శ్రీమతి సలోమి గారు చర్చి వరండాలో పిల్లలకు పాట నేర్పుతుండగా చూచితిని. నవ్వుచున్నారు. నాకు మజ్జిగ ఇచ్చినారు.

ప్రిన్సిపాల్ గారు అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మోసపోయిన మనిషిలా కనిపించారు. సాయంత్రం రెండో ఉత్తర్వు టైపు చేయించి నకలు నాకు పంపారు. "కన్వీనరు గారి ప్రత్యక్ష పరిశీలనలో శ్రీమతి సలోమి గారు తెగలేదని, ఏ మాత్రమూ దెబ్బతినకుండా యథాతథంగా ఉన్నారని రుజువైనందున, లోగడ ఇచ్చిన పర్మనెంటు ఉత్తర్వు రద్దు చేయడమైనది."

నా సర్వీసంతటిలో ఆ ఆఫీసు నుంచి వచ్చిన కాగితాల్లో అక్షరం పొల్లుపోకుండా నిజం చెప్పిన కాగితం అదొక్కటే.